సీట్లోకి వెళ్లిన దూది

...ఆఁ, అదే, కథలోకి వచ్చేస్తున్నా మోక్షితా, ఏమనుకోకు తల్లీ. ఇప్పటికే మూడు వాయిస్ మెసేజులు పంపాను, ఇంకా గుట్ట దగ్గరే ఉన్నాం. మీ అమ్మ వింటే, "అక్కని కథ చెప్పమంటే ఊరంతా తిప్పి తీసుకొస్తుంది" అంటుంది. అనుకోనీ. ఆ పాతవి నువ్వు వినక్కర్లేదు, మళ్లీ మొదట్నుంచీ చెప్తా. నువ్వేం అడిగావు? "మా వీధిలో తిరగడానికి కూడా హెల్మెట్ ఎందుకు పెద్దమ్మా, సైకిలే కదా" అని. నేను ఊరికే పెట్టుకో అంటే నువ్వు పెట్టుకోవు, నాకు తెలుసు. అందుకని ఇది విను.

ఎర్రగుట్ట అని ఒక గుట్ట ఉంది. గుట్టపైన గేదెలుంటాయి. కింద లోయలో మిగతా జంతువులు. లోయలో తల్లిపాలు చాలని పిల్లలు చాలామంది ఉంటారు, జింకపిల్లలనీ, కుక్కపిల్లలనీ. వాళ్ల కోసం రోజూ పొద్దున్నే పైనుంచి కిందకి ఒక క్యాను పాలు వెళ్లాలి. దారేమో బాగా వాలు, పన్నెండు మలుపులు. నడిచి వస్తే ఎండెక్కి పాలు విరిగిపోతాయి. అందుకని సైకిల్ మీద తేవాలి. క్యాను వెనక కట్టుకుని, బ్రేకు మీద చెయ్యేసి, జాగ్రత్తగా దిగాలి.

ఆ పని ఒక్కళ్లకే. ఏటా వానలకి ముందు పందెం పెడతారు. పాలు ఒలకకుండా ఎవరు ముందు కిందకి తెస్తే ఆ ఏడాది వాళ్లదే పని. జీతం ఏమిటంటే, గుట్టమీద ఒక రాతి గది ఉంది, ఎంత వాన పడ్డా లోపల చుక్క తడవదు, ఆ గది ఏడాదిపాటు వాళ్లకిస్తారు.

ఆ గది కుందేలుకి కావాలి. దానికి ఆరుగురు పిల్లలు. దాని బొరియ పల్లంలో ఉంది. పోయినేడు ముసురు పట్టినప్పుడు బొరియలోకి నీళ్లొచ్చేసి, ఒక్కొక్క పిల్లనీ నోట కరుచుకుని బయటికి తెచ్చి, రెండ్రోజులు తుప్పల్లో తడుస్తూ కూర్చుంది. చిన్నదానికి అప్పుడు పట్టిన దగ్గు ఇప్పటికీ పోలేదు. ఈసారి కూడా అలాగే అయితే ఆ చిన్నది బతకదేమోనని దాని భయం.

గది నక్కకి కూడా కావాలి. ఎందుకంటే, కాళ్లు చాపుకుని పడుకోవడానికి. దాని గుహ బానే ఉంది, కాకపోతే కొంచెం ఇరుకు, అంతే.

ఇంక అసలు సంగతి. ఆ గుట్టమీద ఒక రూలుంది. పెట్టింది ఎద్దు తాత. ఎద్దు తాతంటే తొందరపడడు, ఒక మాట చెప్పడానికి ముందు గడ్డి నాలుగుసార్లు నములుతాడు, కానీ చెప్పాక మళ్లీ మార్చడు. హెల్మెట్ లేకుండా సైకిల్ ఎక్కడానికి వీల్లేదు, అదీ రూలు. వాళ్ల హెల్మెట్లు చేసేది ముళ్లపంది అత్త. బాగా ముదిరిన ఆనపకాయని ఎండబెట్టి, లోపల గుల్ల చేసి, బూరుగు దూది దట్టంగా కూరి, తన ముల్లే ఒకటి పీకి దాంతో కుట్టేస్తుంది. గెడ్డం కింద కట్టుకోవడానికి నార తాడు.

పందెం రోజు పొద్దున్న పరీక్ష ఉంటుంది. ఎద్దు తాత ఎత్తు బండ మీద నిలబడతాడు. హెల్మెట్ పెట్టుకుని కింద నిలబడాలి. పైనుంచి ఒక వెలగపండు నెత్తిమీద వదులుతాడు. ఠప్పున తగులుతుంది. "నాకెన్ని కాళ్లున్నాయిరా?" అని అడుగుతాడు. నాలుగంటే పాసు. పోయినేడు ఒక కోతి ఎనిమిదంది, ఇంటికి పంపేశారు.

నక్క నెల ముందునుంచీ సైకిల్ నేర్చుకుంటోంది. రాళ్ల దారి కదా, సీటు గట్టిగా ఉండి కూర్చునే చోట కందిపోయింది. ఒకరోజు చెట్టు కింద బోర్లా పడుకుని ఆలోచించింది. "నెల్రోజుల నుంచి తొక్కుతున్నాను. నెల్రోజులూ కిందే నొప్పి. తలకి ఒక్కరోజు కూడా నొప్పి రాలేదు. మరి దూది తలకెందుకు? నొప్పి ఉన్నచోట పెట్టుకోవాలి గానీ." వెంటనే హెల్మెట్ కుట్లు విప్పి, దూదంతా పీకి, సీటు కవరు కింద కూరేసుకుంది. హాయిగా ఉంది. హెల్మెట్ పైకి చూస్తే మామూలుగానే ఉంది.

పందేనికి ముందురోజు గుర్తొచ్చింది, వెలగపండు సంగతి. సీట్లో దూది అణిగి అప్పడంలా అయిపోయింది, తీసినా పనికిరాదు. పరిగెత్తుకుంటూ ముళ్లపంది అత్త దగ్గరికెళ్లింది.

"అత్తా, కాస్త దూది ఉంటే పెట్టవా?"

"ఎందుకురా? నీ హెల్మెట్‌లో పెట్టానుగా, పిడికెడు ఎక్కువే పెట్టాను."

"ఎలక కొట్టేసింది అత్తా."

"ఎలకా? మన లోయలో ఎలకలన్నీ నిన్ను చూసి ఊరొదిలిపోయాయి కదరా!"

"పక్క ఊరి ఎలక."

"అయితే ఆ ఊరెళ్లి అడుక్కో. నా దగ్గర దూది అయిపోయింది. బూరుగు కాయలు మళ్లీ ఎండాకాలం దాకా పగలవు."

నక్క అక్కణ్ణుంచి నేరుగా కుందేలు దగ్గరికి వెళ్లింది. కుందేలు బొరియ ముందు సైకిల్ చెయిను తుడుచుకుంటోంది. పక్కనే దాని హెల్మెట్. చెవులు మడిచి లోపల పెట్టుకోవాలి కదా, అందుకని అత్త దానికి పెద్ద కాయతో చేసింది. పెద్దదీ, బరువైందీ.

"ఏం చెల్లెమ్మా, మెడ పట్టేసినట్టుందే?" అంది నక్క.

"లేదన్నా, ఈ టోపీ కొంచెం బరువు."

"కొంచెమా! చూస్తుంటే నాకే మెడ లాగేస్తోంది. చెవులు అలా నలిగిపోతుంటే వెనకాల ఎవరొస్తున్నారో ఏం వినపడుతుంది నీకు? ఇదిగో, నాది పట్టుకుని చూడు."

కుందేలు పట్టుకుంది. "అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో!"

"మరి? ఆరుగురు పిల్లల తల్లివి. నువ్వు గెలిస్తే నాకేం, నేను గెలిస్తే నీకేం, మనం మనం ఒకటి. నా తల పెద్దది, నీది నాకు సరిపోతుంది. మార్చుకుందాం."

"నువ్వింత మంచివాడివి ఎప్పుడయ్యావన్నా?"

"నిన్నటి నుంచి," అంది నక్క, నవ్వకుండా.

కుందేలు కాసేపు ఆలోచించింది. పొద్దున్న పందెంలో ఆ బరువు తగ్గితే ఒక మలుపు ముందు ఉండొచ్చు. సరే అంది. నక్క పెద్ద హెల్మెట్ తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

అది వెళ్లాక కుందేలు హెల్మెట్ తలకి పెట్టుకుని చూసుకుంది. లోపల గరగరమంటోంది. తీసి చూస్తే టేకాకు మడిచి పెట్టి ఉంది. ఆకు లాగింది. కింద ఏమీ లేదు. ఉత్త డొల్ల.

ఏడుపు మొహంతో ముళ్లపంది అత్త దగ్గరికి వెళ్లింది.

"ఎలక కొట్టిందన్నది ఇదేనా!" అంది అత్త. "పద, ఎద్దు తాతకి చెప్దాం."

"ఏమని చెప్పను అత్తా? లాక్కోలేదుగా. అడిగాడు, నేనే ఇచ్చాను. నలుగురిలో 'చెల్లెమ్మే అడిగి తీసుకుంది' అంటే నేనేం చెయ్యను?"

"మరి ఈ డొల్ల పెట్టుకుని ఎలా దిగుతావే? పందెం మానెయ్యి. పిల్లలకి తల్లి ఉండాలి ముందు."

"మానేస్తే వానలొస్తాయి. వానలొస్తే చిన్నది ఉండదు."

అత్త ఆ డొల్ల కాయని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పుడు అత్త అడిగింది, "పిల్లల్ని కనేముందు గూట్లో మెత్తగా ఏం పరుస్తావే నువ్వు?"

కుందేలు తన పొట్ట వైపు చూసుకుంది. నీకు తెలుసో లేదో మోక్షితా, కుందేళ్లు పిల్లలు పుట్టే ముందు పొట్ట మీది బొచ్చు అవే పీక్కుని గూట్లో పరుపులా వేస్తాయి. ఇది కథలోది కాదు, నిజంగానే. సరే, కుందేలు కూర్చుని గుప్పెడు గుప్పెడు పీకడం మొదలుపెట్టింది. నెప్పే మరి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పీకుతూనే ఉంది. అత్త ఆ బొచ్చు పొరలు పొరలుగా కూరి, పైన ఎండుగడ్డి పేనిన చుట్ట ఒకటి పెట్టి, కుట్టేసింది.

"చెవులకి రెండు చిల్లులు పెట్టు అత్తా."

"చిల్లులు పెడితే కాయ పగులుతుందే పిచ్చిదానా. చెవులు వెనక్కేసి మెడ దగ్గర కట్టుకో. అందం కోసం కాదు కదా ఇది."

"అందంగా లేనని నాకూ తెలుసులే, పొట్ట చూడు, పీకిన కోడిలా ఉన్నాను," అంది కుందేలు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

పొద్దున్నైంది. లోయలో సగం మంది పైకొచ్చారు చూడ్డానికి. పందేనికి ఆ ఏడు ఇద్దరే నిలబడ్డారు, నక్కా, కుందేలూ. ముందు నక్క వంతు. బండ కింద నిలబడింది. ఎద్దు తాత వెలగపండు వదిలాడు. ఠప్.

"నాకెన్ని కాళ్లురా?"

"నాలుగు తాతా. అందులో ముందు ఎడమ కాలికి ముల్లు గుచ్చుకున్నట్టుంది, చూసుకో."

అందరూ నవ్వారు. తర్వాత కుందేలు వెళ్లింది. నక్క పక్కకి జరిగి, జాలిగా మొహం పెట్టి నిలబడింది. పండు పడింది. ఠప్. కుందేలు ఒకసారి కళ్లు మూసి తెరిచింది.

"నాలుగు తాతా."

నక్క మొహం వాడిపోయింది. "ఇదెలా?" అనుకుంది. కానీ పాలు నింపుతున్నారు, అడిగే టైము లేదు. పైగా దానికింకో కంగారు. సీట్లో దూది అణిగిపోయింది కదా, పన్నెండు మలుపులు ఎలా కూర్చోవడం? చుట్టూ చూసింది. "పరీక్ష అయిపోయింది. తాత ఇంక కిందకి రాడు. దారిలో అడిగేవాళ్లెవరూ లేరు. ఇంక ఈ దూది తలమీద ఏం చేస్తుంది, చెమట తప్ప?" అనుకుని, ఇప్పుడే వస్తానని చెప్పి పొద వెనక్కి వెళ్లింది. కుందేలు దగ్గర మార్చుకున్న ఆ పెద్ద హెల్మెట్‌లోంచి కూడా మొత్తం దూది లాగేసి సీట్లో కూరేసి, డొల్ల కాయ నెత్తిన పెట్టుకుని వచ్చింది.

చూశావా, మంచి హెల్మెట్ చేతికొచ్చింది. మోసం చేసైనా సరే, వచ్చింది కదా. దాన్ని కూడా పాడుచేసుకుంది. ఎందుకంటే దాని లెక్కలో హెల్మెట్ ఎద్దు తాతకి చూపించడానికి, అంతే.

పందెం మొదలైంది. నక్క ముందు, కుందేలు వెనక. నక్క మెత్తటి సీటు మీద కూర్చుని బ్రేకు పట్టుకోకుండా జారిపోతోంది. ఒకటి, రెండు, మూడు, మలుపులు దాటుతున్నారు. కుందేలు ప్రతి మలుపు దగ్గరా బ్రేకు నొక్కుతోంది, అందుకే వెనకబడింది.

తొమ్మిదో మలుపు దగ్గర నేరేడు చెట్లున్నాయి. వానలకి ముందు పళ్లు రాలే రోజులు కదా, దారంతా పళ్లు చితికి నల్లగా, జిగురుగా ఉంది. నక్క చక్రం దానిమీద పడింది. సర్రుమని జారి, సైకిలు ఒకవైపు, నక్క ఒకవైపు. దాని తల పోయి దారి పక్క రాయికి కొట్టుకుంది. కాయ ఫట్‌మని రెండు ముక్కలైంది. కుందేలు అది చూసి బ్రేకు వేసింది, కానీ బ్రేకు వేస్తే ఇంకా జారుతుంది కదా అలాంటి చోట. అదీ పడింది. అదే రాయి. దాని తలా అక్కడే తగిలింది.

కుందేలు హెల్మెట్ పైనుంచి కింద దాకా బీట వారింది. మోకాలు చీరుకుపోయింది. కానీ లేచింది. చెవులు సర్దుకుంది. క్యాను మూత చూసుకుంది, గట్టిగానే ఉంది. అప్పుడు నక్క వైపు చూసింది. నక్క కూర్చుని నేరేడు చెట్టుని చూస్తోంది.

"అన్నా! అన్నా, బానే ఉన్నావా?"

"నువ్వెవరు?"

"నేనన్నా, కుందేల్ని. తల తగిలింది నీకు. కదలకు, నీడలో కూర్చో. నేను కిందకెళ్లి ఎవర్నైనా పంపిస్తాను."

ఆ మాట విని నక్క తూలుతూ లేచింది. "ఓహో! నన్ను నీడలో కూర్చోబెట్టి నువ్వు గెలుద్దామనా? నాకే చెప్తున్నావా ఎత్తులు?" సైకిల్ లేపింది, ఎక్కింది, పైకి తొక్కడం మొదలుపెట్టింది.

"అన్నా, అటు కాదు! అది పైకి! నువ్వు వచ్చిన దారే అది!"

"ఆఁ ఆఁ, నన్ను వెనక్కి తిప్పాలని చూస్తున్నావు. నేను నక్కనమ్మా!"

కుందేలు నాలుగుసార్లు అరిచింది. అది వినలేదు. అది జీవితంలో ఎవరికీ నిజం చెప్పలేదు కదా, ఎదుటివాళ్లు నిజం చెప్తారని దానికి తోచదు. ఇంక చేసేదిలేక కుందేలు సైకిల్ ఎక్కి, కుంటుకుంటూ మిగతా మూడు మలుపులు దిగింది. పాలు అందించింది. అందించగానే నక్క కోసం ఇద్దర్ని పంపించింది కూడా.

నక్కేమో తొక్కుతూనే ఉంది. "ఈ దిగుడు ఇంత ఎత్తుగా ఉందేమిటి?" అనుకుంటూ, నాలుక బయటపెట్టి తొమ్మిది మలుపులూ ఎక్కి, ఎద్దు తాత ముందు సైకిల్ ఆపింది.

"తెచ్చేశాను! పాలు తెచ్చేశాను! ఏరీ పిల్లలు? గది చూపించు!"

ఎద్దు తాత గడ్డి నాలుగుసార్లు నమిలాడు. "ఏరా, ఈ పాలు ఇందాక ఇక్కణ్ణుంచే కదా తీసుకెళ్లావు?"

"ఏమో తాతా, నువ్వు అక్కడికీ వచ్చావా?"

"నాకెన్ని కాళ్లున్నాయిరా?"

నక్క చాలాసేపు చూసింది. "కదలకుండా నిలబడితే చెప్తాను."

తాత దాని తలమీద వేలాడుతున్న కాయముక్క తీసి లోపల చూశాడు. ఖాళీ. "దూది ఏదిరా?"

మామూలప్పుడైతే నక్క పది అబద్ధాలు చెప్పేది. తల తిరిగిపోయింది కదా, అబద్ధం కల్పించడానికి కూడా బుర్ర పనిచెయ్యాలి. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "సీట్లో ఉంది తాతా. నాదీ అక్కడే, కుందేలుదీ అక్కడే. నొప్పి అక్కడ కదా మరి."

సీటు కవరు విప్పితే రెండు హెల్మెట్ల దూది. ఎవరికీ నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ముళ్లపంది అత్త మాత్రం, "నవ్వకండి, వాడికి తల ఎంత తగిలిందో చూడండి ముందు" అని, నక్కని తీసుకెళ్లి చీకటిగా ఉన్నచోట పడుకోబెట్టింది. మూడ్రోజులు కక్కుకుంది. వారం దాకా వెలుతురు చూడలేకపోయింది. తన గుహకి దారి చెప్పించుకుని వెళ్లింది. ప్రాణానికేం కాలేదు, అంతవరకూ అదృష్టం. రాయి ఇంకో రెండు వేళ్లు ఇటు తగిలి ఉంటే నేను నీకీ కథ ఇలా చెప్పేదాన్ని కాదు.

కుందేలు ఏం చేసిందో తెలుసా, బీట వారిన హెల్మెట్ తెచ్చి, "కొంచెం జిగురు పెట్టి అతికించు అత్తా, ఇంకా బానే ఉంది" అంది. అత్త దాన్ని కాలికింద వేసి తొక్కేసింది. "ఒక్కసారి దెబ్బ తిన్నాక దీని పని అయిపోయింది. నీ దెబ్బ అది తీసుకుంది, చాలు. కొత్తది కుడతాను, అప్పటిదాకా సైకిల్ ముట్టుకోకు." అని, నక్క సీట్లోంచి తీసిన దూది ఎండలో వేసి, బాగా ఏకి, దాంతోనే కొత్తది కుట్టింది. ఆ నాలుగు రోజులూ ఎద్దు తాతే నడిచి పాలు దింపాడు, తెల్లవారకముందే బయల్దేరి.

ఐదోరోజు వాన మొదలైంది. కుందేలు ఆరుగురు పిల్లల్నీ తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. ఆ చిన్నదానికి దగ్గు తగ్గింది.

అదమ్మా. వీధిలోనే కదా అంటావు, నేరేడుపళ్లు ఏ వీధిలోనైనా రాలతాయి. చెప్పేదేంటంటే, హెల్మెట్ పెట్టుకునేది చూసేవాళ్ల కోసం కాదు మోక్షితా, పడే రోజు కోసం. పడే రోజు ఏదో మనకి ముందు తెలీదు కాబట్టి రోజూ... ఆఁ? ఏంటండీ? గ్యాసతను వచ్చాడా? కిందే ఉన్నాడా? ఉండమనండి, వస్తున్నా, ఆ ఖాళీ సిలిండరు మీరు...